ఎర్ర చుక్క గ్లాసు

పక్కవాడి గ్లాసులోంచి ఒక్క గుక్క చాయ తాగనిదే పొద్దు గడవని మనిషి అంబదాస్ సారు. ఆ ఒక్క గుక్కకే ల్యాబు డైరెక్టర్ మమతారాణికి ఫిర్యాదు కాగితం రాసి, ఆయనకు మెమో ఇప్పించాడు అక్కడే పనిచేసే కరుణాకర్. ముప్పై ఏళ్ల నౌకరీలో సారుకు దక్కిన మొదటి ప్రత్యేక గుర్తింపు అదే.

కరీంనగర్‌లోని ఆ ల్యాబులో మనిషి కాలేయ కణాలను గాజు పళ్లెంలో పెంచి, హెపటైటిస్ వైరస్ వాటిలోకి ఎట్లా దూరుతుందో చూస్తారు. "ఏం బిడ్డా, తిన్నరా?" అని కణాలను పలకరించి గానీ సారు పళ్లెం ముట్టుకోడు.

"వీటిని ఒంటరిగ పెడితే నాలుగొద్దులల్ల అవి కాలేయమన్న సంగతే మరుస్తయి. గప్పుడు వైరస్ సుత మొకం జూడదు. పక్కన తోడు కణాలుంటెనే అవి అవిగుంటయి," అనేవాడు.

ఈ తోడు ముచ్చట కరుణాకర్‌కు రుచించేది కాదు. దుబాయి పోదామని మెడికల్‌కు పోతే, రక్తంలో హెపటైటిస్-బి ఉందని 'అన్‌ఫిట్' అన్నారు. తల్లి యాదవ్వ అతని గ్లాసుకు గోళ్ల రంగుతో ఎర్ర చుక్క పెట్టి, వేరే గూట్లో ఉంచింది. ల్యాబులో ఉద్యోగం దొరికాక అలాంటిదే ఇంకో చుక్క గ్లాసు ఇక్కడికీ తెచ్చుకున్నాడు. బయటి చాయ డబ్బా కొట్టు దగ్గర ఇరవై మంది తాగుతున్నా, సారు చెయ్యి సరిగ్గా దానిమీదికే పోయేది.

"జర ఒక్క గుక్క, కరుణాకర్."

"సార్, గిది నాది! చుక్క కనిపిస్తలేదా?"

"కనిపించింది. కుంకుమబొట్టు లెక్క మంచిగుంది."

తాగి, వేపకషాయం మింగినట్టు మొహం పెట్టేవాడు. దోచుకున్నది చాలక వంక కూడానా! అందుకే ఆ కాగితం.

మెమో అందుకున్నట్టు సంతకం పెట్టిన సాయంత్రమే, "పా, మీ అవ్వ చాయ సుత జూద్దాం," అంటూ సారు అతని వెంట పెద్దపల్లి బస్సెక్కాడు.

"గా ఎర్ర చుక్క గ్లాసుల పొయ్యవ్వా," అన్నాడు సారు, వాళ్లింట్లో కూర్చుంటూనే.

"అయ్యో సారూ, అది మా పిలగాని ఎంగిలిది! రోగమంటుతది!"

"ఎనిమిది నెలల సంది తాగుతున్న. గీ రోగం రక్తంతోని అంటుకుంటది గని, చాయ గ్లాసుతోని అంటుకోదు. నా పనే గిది."

గడగడా తాగేశాడు. మొహంలో మళ్లీ అదే కషాయం.

"చక్కెర తక్కువైందా సారూ?" యాదవ్వ కంగారు పడింది.

ఆయన పోయాక ఆమె ఆ గ్లాసును తోమి తోమి, చుక్క పోకపోతే అందరి గ్లాసుల మధ్యనే బోర్లించింది. మరునాడు పొద్దున దాంట్లో తనే చాయ పోసుకుంది.

సారు రిటైరై ఆదిలాబాద్ పోతుంటే, కరుణాకర్ ల్యాబులోని తన గ్లాసు నిండా చాయతో బస్టాండుకు ఉరికాడు.

"సార్, ఇయ్యాల ఒక్క గుక్క కాదు. మొత్తం మీదే!"

అంబదాస్ సారు రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"పాణం తియ్యకు బిడ్డా. నాకు చిన్నప్పటి సంది చాయ పడదు!"