లావు తీగ కింది అయస్కాంతం

మా తమ్ముడు మా ఆయన బేస్ గిటార్‌ను స్పీకరుకు తగిలించి, ఒళ్లో పెట్టుకుని, లావు తీగను వేలితో లాగి వదిలినప్పుడు, అలమరలోని స్టీలు గ్లాసులు గలగలమన్నాయి. నెలల తరబడి సరిగా పలకడం లేదని మా ఆయన దిగులుపడుతున్నది ఆ తీగ గురించే. ఆ మోతకు ఇంట్లో అందరూ నవ్వారు. నేను మాత్రం మా ఆయన కుడిచేతి వంక చూశాను. ఏదో కీడు మా గడప దాటి లోపలికి వచ్చేసిందని నాకు మొదటిసారి తెలిసింది అప్పుడే.

ఈ రాత్రి పిల్లలూ ఆయనా నిద్రపోయాక వంటింట్లో కూర్చుని ఇది రాస్తున్నాను. ఇందాక ఒక విమానం బాగా కిందుగా దిగుతూ పోతే, గోడకు వేలాడుతున్న గిటార్‌లో ఒక తీగ దానంతటదే సన్నగా మూలిగింది. విమానాశ్రయం దగ్గరి ఈ సాతంరాయిలో కాపురం పెట్టిన కొత్తలో విమానాల చప్పుడుకు ఉలిక్కిపడేదాన్ని గానీ, ఇప్పుడవి నా చెవికెక్కవు. ఆ మూలుగు మాత్రం వినబడింది, ఇక నిద్ర పట్టలేదు.

అది మా ఆయన పుట్టకముందు తయారైన గిటార్. పెళ్లిళ్లలో వాయించే ఆర్కెస్ట్రా పెద్దాయన ఒకరు ముసలితనంలో ఆయనకు అమ్మారట. ఇంటికి తెచ్చిన వారమే పాస్టరుగారు దాని మీద చేయి ఉంచి ప్రార్థన చేసి, దేవుని సేవకు ప్రతిష్ఠించారు. ఆనాటి నుంచి మా అత్తమ్మ దాన్ని ఆయన తప్ప ఇంకెవ్వరినీ ముట్టనివ్వలేదు. పిల్లలు దగ్గరికి పోతే చాలు, వంటింట్లోంచే కేకేసేది. విమానాశ్రయం గోదాములో వారమంతా సరుకులు ఎత్తి దించి, ఒళ్లు హూనమై వచ్చినా, శనివారం సాయంత్రం ఆయన మెత్తని బట్టతో దాన్ని తుడిచే తీరు చూస్తే, నన్ను కూడా ఇంత నెమ్మదిగా ఎన్నడూ పలకరించలేదు కదా అని కొత్త పెళ్లికూతురుగా కాస్త ఉడుక్కునేదాన్ని.

తీగల కింద నల్లని పెట్టె ఒకటి ఉంటుంది, పికప్ అంటారు. ఒక్కో తీగకూ ఒక్కో చిన్న అయస్కాంతపు గుండు అందులోంచి తల పైకెత్తి కనిపిస్తుంది. గుండు తీగకు దగ్గరగా ఉంటే మోత పెద్దది, దూరమైతే చిన్నది. పాత గిటార్లలో ఈ గుండ్లు ఎగుడుదిగుడుగా ఉంటాయనీ, వాటిని పైకో కిందికో నెట్టేటప్పుడు వాటిచుట్టూ వెంట్రుకలా చుట్టుకున్న రాగితీగ తెగితే గిటార్ మూగబోతుందనీ ఆయన చెప్పగా విన్నాను. ఆ భయం ఉండి కూడా ఆయన ఆ ఏడాది లావు తీగ కింది గుండును కొద్దికొద్దిగా పైకి నెడుతూనే వచ్చారు. ఒక ఆదివారం బాగుందనేవారు, మళ్లీ పై నెలకు తగ్గిందనేవారు. ఒకసారి పికప్ మరలు విప్పుతుంటే స్క్రూడ్రైవర్ జారిపోతోందని నన్ను తిప్పమన్నారు. చెమటకేమో అనుకున్నాం ఇద్దరం. వేరేవాళ్లు ఒక్కసారి వాయించి ఉంటే ఆనాడే తెలిసేది. కానీ ప్రతిష్ఠించిన వస్తువాయె, ఎవరు ముట్టుకుంటారు?

మా తమ్ముడికి ఆ పట్టింపు లేదు. ఆ రోజు వస్తూనే గోడ మీంచి దించి, స్పీకరుకు తగిలించేశాడు.

"ఏంది బిడ్డా, ప్రార్థన చేసినదాన్ని గట్ల గుంజుతవ్?" అని అత్తమ్మ కసిరింది.

"నేను గూడ బాప్తిస్మం తీసుకున్నోన్నే అత్తమ్మా," అని నవ్వి, తీగ లాగాడు. గ్లాసులు మోగాక మా ఆయన వైపు తిరిగి, "గిటార్‌కేం కాలే బావా. నీ చెవులకే సర్వీసింగ్ చేయించాలె," అన్నాడు.

మా ఆయన కూడా నవ్వారు. నవ్వుతూనే గిటార్ అందుకుని అదే తీగను మీటారు. గ్లాసులు కదలలేదు. ఇంకోసారి మీటారు. తమ్ముడి ముఖంలో నవ్వు ఆగిపోయింది.

ఆ తర్వాత దవాఖానల చుట్టూ తిరిగాం. నగరంలోని పెద్ద డాక్టరు చాలా నెమ్మదిగా, మర్యాదగా చెప్పాడు. చేతిలో నరాలు చచ్చిపోతున్నాయట. తిరిగొచ్చే మందు లేదట. కొంతకాలానికి ఎడమచేయి, ఆపైన కాళ్లు. తిరుగు ప్రయాణంలో ఆరాంఘర్ దగ్గర బస్సు మారి ఎక్కితే ఆడవాళ్ల సీటు ఒక్కటే దొరికింది. గగన్‌పహాడ్ దాటేదాకా ఆయన ఎడమచేత్తో కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. నేను బయటి ఫ్యాక్టరీల బోర్డులు చదువుతూ కూర్చున్నాను.

ఇంటికి రాగానే ఆయన చేసిన మొదటి పని మా తమ్ముణ్ణి పిలిపించి పికప్ విప్పించడం. పైకి నెట్టిన గుండును మళ్లీ తక్కిన మూడింటి వరుసకు దింపమన్నారు. పక్కన కూర్చుని, జర నిదానం, తీగ తెగుతది, అంటూ చేయించారు.

"ఉండనియ్ బావా, మల్ల నువ్వు వాయించేటప్పుడు నీకు ఎత్తే కావాలె గద," అన్నాడు తమ్ముడు.

"నా కోసం కాదురా," అన్నారాయన. "మంచి చెయ్యి ఉన్నోడు వాయిస్తే చెవులు పగుల్తయ్. సాపు చేసి పెట్టు."

ఆ మంచి చెయ్యి ఇంకా రాలేదు. ఆయన వాయించిన మా ప్రార్థన మందిరంలో ఇప్పుడు కీబోర్డు మీద ఒక మీట నొక్కితే బేస్ దానంతటదే మోగుతుంది, ఎగుడుదిగుడు లేకుండా. పాటలప్పుడు కింద నేల సన్నగా అదురుతుండేది గుర్తుందా అని నా వయసు ఆడవాళ్లను అడిగితే తలూపుతారు. ఆ అదురు లేదని వాళ్లంతట వాళ్లు ఎవరూ అనరు.

గుండు దింపించిన మరునాడు పొద్దున, డాడీ గిటార్ మంచిగైందా అని పాప అడిగింది. బాబు పళ్లు తోముకోవడం ఆపి నా వైపే చూస్తున్నాడు. రాత్రంతా కూర్చిపెట్టుకున్న మాటలన్నీ పక్కన పెట్టేశాను.

"గిటార్‌కు ఏం కాలేదు బిడ్డా," అన్నాను. "డాడీ చెయ్యికే అయింది. అది మంచిగ కాదంట. పో, పోయి డాడీకి షర్టు గుండీలు పెట్టి రా. అడిగేదాక ఆగకు, ఆయన అడగడు."