ముందు దింపడం నేర్పు

వాల్డా నపల్జారి బోర్డు మీద ఆరు పేర్లు రాసి, ఎవరికి ఏ కంప్యూటరో పక్కన అంకెలు వేసింది. బుధవారం ట్రైనింగ్. ఎడారి నడుమ ఉన్న మా ఆదివాసీ ఊరి బొమ్మల కేంద్రం వెబ్‌సైట్‌లో పేజీలు ఇకమీదట మేమే రాసుకుని మేమే మార్చుకోవడానికి, కొత్త పద్ధతి నేర్పేందుకు అడిలైడ్ నుంచి ఒకమ్మాయి వస్తోంది. వచ్చేది ఒక్కరోజుకే. ఆ రోజు జనం మధ్యలోనే లేచి వెళ్ళిపోతే, మళ్ళీ వచ్చే ఏడాది దాకా అడిలైడ్ కంపెనీ కాళ్ళ దగ్గరే పడి ఉండాలి.

పద్నాలుగేళ్ళుగా వాల్డా ఆ గదిలోనే ఉంది. కాన్వాసు కోసిచ్చేది ఆమే, గీసినవాళ్ళు చెప్పిన కథ రాసి బొమ్మ వెనక అంటించేది ఆమే, లోపలికొచ్చిన కుక్కల్ని తోలేదీ ఆమే. మాట కటువు. రంగుడబ్బాకి మూత పెట్టనివాళ్ళకి రేపు రంగు లేదంటే లేదంతే.

ఈస్టర్ ముందు గురువారం ఆమె అక్క పోయింది. ఆ పేరు నేను చెప్పను. పోయినవాళ్ళ పేరు మేం పలకం, ముఖం చూడం. వాళ్ళున్న ఇంట్లో ఉండం. అదే పేరు ఇంకెవరికైనా ఉంటే, ఆ పేరు మానేసి వాళ్ళని కుమంజాయి, అంటే పేరు పలకరాని మనిషి, అని పిలుస్తాం. ఊరంతా చేయాల్సినవన్నీ చేసింది. వెబ్‌సైట్ ఒక్కటే చేయలేదు. మొదటి పేజీ మీద అక్క నవ్వుతూ ఉంది, కింద పేరుతో సహా. దింపాలంటే అడిలైడ్‌కి ఫోన్ చేయాలి. వాళ్ళకి పండగ సెలవులు, తగలెయ్య ఆ సెలవులు. వాల్డా నాలుగు రోజులు ఫోన్ కొడుతూనే ఉంది. నాలుగు రోజులూ ఊళ్ళో అందరి ఫోన్లలో అక్క నవ్వుతూనే ఉంది. ఆ తర్వాత గాని వాళ్ళు దింపలేదు.

మేనత్త నుంగరాయి అందరి ముందే అడిగేసింది. "ఆఫీసు నీ చేతిలోనే ఉంది గదే. సొంత అక్కని దింపలేకపోయావా?"

ఆ మాటకి ఏడుపు రావాలి. రాలేదు. అప్పట్నుంచి వాల్డాకి ఏదీ రావడం లేదు. ఇల్లు వదిలేసి ఊరి చివర గుడారంలో పడుకుంటోంది. పొద్దున్నే లేచి ఆఫీసుకొస్తుంది, పెట్టింది తింటుంది. ఏం తిన్నావని అడిగితే మాత్రం గుర్తుండదు.

సోమవారం, అందరికీ పాస్‌వర్డులు చీటీల మీద రాసిపెట్టి, ప్రాక్టీసు కోసం అడిలైడ్ వాళ్ళు పంపిన వెబ్‌సైట్ తెరిచింది. మొదటి పేజీ మీద అక్క.

వాల్డా తెర కిందికి వంచేసింది. ట్రైనింగ్ అమ్మాయికి ఫోన్ చేసింది.

"అది మీ అక్క పోకముందు, మార్చిలో తీసిన నకలండీ," అంది ట్రైనింగ్ అమ్మాయి. "శుక్రవారానికల్లా మావాళ్ళు తీసేస్తారు."

"ట్రైనింగ్ బుధవారం."

"అవును కదా..."

"ఆ ముఖం తెర మీద పడిందంటే నీకు కుర్చీలే మిగుల్తాయి. ఎలా తియ్యాలో చెప్పు, నేనే తీస్తాను. ఇంకోటి. నీ పేరూ మా అక్క పేరూ ఒకటే. ఇక్కడ నువ్వు కుమంజాయివి."

"సరే. నేను ఏ పేజీ మార్చినా కింద నా పేరు పడుతుంది. దాన్నీ మార్చుకుంటాను," అంది ఆ అమ్మాయి.

మంచి పిల్లే.

వాల్డా తలుపుకి కుర్చీ అడ్డం పెట్టింది. అక్క ముప్ఫై ఒక్క పేజీల్లో ఉంది. అక్క కుంచె పట్టుకుని, అక్క ఏటి ఇసకలో కూర్చుని, అక్క వాల్డా భుజం మీద చెయ్యేసి. చూడకూడదు, కానీ చూడకుండా తీయడం ఎవరివల్ల అవుతుంది? ఒక్కోటీ నొక్కుతూ పోయింది. కన్ను తడవలేదు. తను రాయి అయిపోయిందేమోనని ఒకసారి అనుకుంది. ఆ అనుకోవడం కూడా దూరంగా ఎవరో అన్నట్టే ఉంది.

తలుపు చప్పుడైంది. అక్క కూతురు షనెల్. "పిన్నీ, టీ తెచ్చాను."

"గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళు. లోపలికి రాకు."

షనెల్ కప్పు అక్కడే పెట్టి వెళ్ళింది.

బుధవారం ఆరుగురూ వచ్చారు. పిలవకపోయినా నుంగరాయి అత్త కూడా వచ్చి, ఎప్పుడు లేవాల్సొస్తుందోనని చేతికర్ర దించకుండా తలుపు పక్కనే కూర్చుంది. తెర వెలిగింది. అత్త పక్కకి తిరిగి, ఓరగా చూసి, ఎర్రకొండలు తప్ప ఏమీ లేకపోయేసరికి నెమ్మదిగా ఇటు తిరిగింది.

"మొదట కొత్త ఫోటో ఎక్కించడం చూద్దాం," అంది అడిలైడ్ నుంచి వచ్చిన కుమంజాయి.

"ఎక్కించడం తర్వాత," అంది అత్త. "ముందు దింపడం నేర్పు."

అత్త కర్రతో తెర చూపించింది. "నా ఫోటో ఉంటుంది గదా అందులో. తియ్యి. పిల్లా, నువ్వు కాదు, మావాళ్ళు తియ్యాలి. వాల్డా, నువ్వు."

వాల్డా అత్త పేజీ తెరిచింది. పళ్ళు లేని నవ్వు, తలకి ఎర్ర ఉన్ని టోపీ. నొక్కాల్సిన చోటు తెలుసు. సోమవారం ముప్ఫై ఒక్కసార్లు నొక్కింది. ఇప్పుడు వేలు కిందికి దిగలేదు.

"ఏమే, మర్చిపోయావా?"

"లేదత్తా." వాల్డా అత్త వైపు తిరిగింది. "నువ్వు ఇంకా ఉన్నావు గదా."

షనెల్ లేచి వచ్చి, పిన్ని చేతి పక్కనించి చెయ్యి చాపి నొక్కింది. టోపీ పోయింది, నవ్వు పోయింది. తెల్లటి పేజీ మిగిలింది.

"అయిపోయిందా?"

"అయిపోయింది అమ్మమ్మా."

"అప్పుడు నాలుగు రోజులు పట్టింది. ఇప్పుడు ఒక్క నొక్కు," అంది అత్త. అని చేతికర్ర నేల మీద పెట్టేసి, కుర్చీ వాల్డా పక్కకి లాక్కుంది. "సరే, మళ్ళీ ఎక్కించండి. ఈ టోపీతో వద్దు, వేరేది తియ్యండి."

అందరూ నవ్వారు. వాల్డా నవ్వలేదు. తెల్ల పేజీ వైపు చూస్తూ, ఈస్టర్ తర్వాత మొదటిసారి ఏడ్చింది. షనెల్ చెయ్యి ఆమె చెయ్యి మీదే ఉంది.