మూతెడు సారా, చీజు మిర్చి

మొన్న సిరిసిల్లలో మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు మా మనవరాలు నన్ను బైపాసు పక్కన కొత్తగా తెరిచిన హోటల్‌కు తీసుకెళ్ళి, చీజు కూరి వేయించిన మిర్చి తెప్పించింది. ఒకటి విరిచి, దారంలా సాగిన చీజును చూపిస్తూ, ఇలాంటిది మీ కాలంలో ఎక్కడ చూసి ఉంటారు తాతయ్యా అని నవ్వింది. ఒక దీక్షస్వామి నోటి దగ్గరనుంచి దాన్ని లాక్కోవడం కూడా చూశానని నేనంటే నమ్మలేదు.

అది కోరుట్లలో జరిగింది. బస్టాండు దగ్గర మా బావ, అంటే మా అక్క భర్త, కొత్తగా మిర్చి బండి పెట్టాడు. కాషాయం కట్టి, మెడలో మాల వేసుకున్న ఒక పెద్దాయన వేడి మిర్చిని ఊదుకుంటూ నోటిదాకా తీసుకెళ్ళగానే, బావ జల్లిగరిటె వదిలేసి, చెయ్యి చాచి లాక్కున్నాడు.

“స్వామీ, మీరు తినొద్దు. గిండ్ల సారా పడ్డది,” అన్నాడు, చుట్టూ ఉన్నవాళ్ళందరికీ వినబడేలా.

పక్కన పిండి కలుపుతున్న అక్క ముఖం పాలిపోయింది. ఆ బండి నడిస్తేనే బావ ఊళ్ళో ఉంటాడు. నడవకపోతే సెలవు అయిపోగానే మళ్ళీ దుబాయి విమానం ఎక్కుతాడు. ఆ సంగతి అక్కడున్నవాళ్ళలో మా ముగ్గురికే తెలుసు.

అప్పట్లో నేను జగిత్యాలలో ఒక పత్రికకు విలేఖరిని. మధ్యాహ్నం బస్సుకు వార్తల కవరు అందించేశాక, ఎక్కడా ప్రమాదమో ధర్నానో లేకపోతే, కోరుట్ల బస్సెక్కి అక్క ఇంటికి చేరేవాణ్ణి. కథలాపూర్ నుంచి, బుగ్గారం నుంచి, ఎల్లారెడ్డిపేట నుంచి గల్ఫుకు పోయేవాళ్ళ గురించి, వాళ్ళను ముంచిన ఏజెంట్ల గురించి ఎన్ని వార్తలు రాశానో లెక్కలేదు గాని, తిరిగొచ్చినవాళ్ళు ఇళ్ళల్లో ఏం వండుకుంటున్నారో రాయమని మా డెస్కువాళ్ళు ఎన్నడూ అడగలేదు.

మా బావ దుబాయిలో ఒక హోటల్ వంటశాలలో పనిచేశాడు. అందరి పెట్టెల్లో సెంటు సీసాలు, టేపురికార్డర్లు వస్తే, ఆయన పెట్టెలో సగం చీజు డబ్బాలు వచ్చాయి. పెట్టె తెరిచేటప్పుడు వాడకట్టంతా మా అక్క వాకిట్లోనే ఉంది. బావ డబ్బా మూత కోసి తలా ఒక ముక్క ఇస్తే, అక్క అత్తగారు వాసన చూసి, “గింత దూరం పోయి సబ్బు దెచ్చినవారా కొడుకా?” అని దాన్ని జాలాట్లో ఉతికే బట్టల పక్కన పెట్టింది.

నవ్వులాటలో కలవని మనిషి ఒక్కతే, బావ వెళ్ళాక పుట్టిన కూతురు. పుట్టినప్పటినుంచి ఇంట్లో అందరి నోటా ‘దుబాయి’ అన్న మాటే విన్న ఆ పిల్ల, వచ్చిన మనిషి పేరే అది అనుకుంది. “దుబాయీ, బువ్వ తినవా?” అని మర్యాదగా పిలిచేది. బావ పలికేవాడు, తినేవాడు, పెరట్లోకి వెళ్ళి కాసేపు నిలబడేవాడు. అలా ఒకసారి నిలబడి వచ్చాకే అక్కతో అన్నాడు: “బండి వెడత. నడిస్తె ఉంట. నడ్వకుంటె పోత.”

లావు మిరపకాయను చీల్చి, గింజలు తీసి, చీజు తురుము, వాము, కాస్త ఉల్లిగడ్డ కూరి శనగపిండిలో ముంచి వేయించాలని ఆయన ఆలోచన. మొదటిరోజు కాగిన నూనెలో చీజు కరిగి, పిండి పొరను చీల్చుకుని బయటికొచ్చి, కడాయి దీపావళి చేసింది. అక్క వంటింటి గోడమీది ఆ నూనె మరకలు మూడుసార్లు సున్నం వేస్తే గాని పోలేదు. అప్పుడు బావకు తమ వంటశాలలోని లెబనాన్ వంటవాడు దొంగచాటుగా పిండిలో పోసే మందు సీసా గుర్తొచ్చింది. కోరుట్లలో అలాంటి సీసా ఎక్కడిది? సారా దుకాణం ఉంది.

అక్క ఒప్పుకోలేదు. “బజ్జీలల్ల సారా వోసుడేంది? నలుగురు నవ్వరా?”

“మూతెడంతనే. నూనెల వడంగనే గాలికి పోతది. నిషా గిట్ల ఏం రాదు.”

“నిషా రాకపాయె, మరి పోసుడెందుకు?”

“కరకర అననీకి,” అన్నాడు బావ, తురుము కూరుతూ.

నిజంగానే కరకరలాడింది. పొర నూనెలో పడగానే గట్టిపడి, చీజు లోపలే నిలిచింది. ఆ సంతోషంలో ఇద్దరూ, వాళ్ళతోపాటు నేనూ, ఆ రోజులేమిటో చూసుకోలేదు. కొండగట్టు అంజన్న మాలలు వేసుకునే రోజులవి. కోరుట్లలో సగం మంది మగవాళ్ళు కాషాయంలో ఉండి, మాంసం, మందు వైపు కన్నెత్తి చూడని రోజుల్లో మేము సారా పిండితో బండి తెరిచాం. ఇన్నేళ్ళూ పరాయిదేశంలో ఉన్న బావ మరిచాడంటే అర్థముంది, ఇక్కడే ఉన్నవాళ్ళం మేమెట్లా మరిచామో ఇప్పటికీ తెలియదు.

బావ మిర్చి లాక్కున్న ఆ సాయంత్రం ఆ పెద్దాయన, అక్కవాళ్ళ వీధి చివర బట్టల దుకాణం ఆయనే, ఖాళీ చేతిని చూసుకుని, తర్వాత బావను చూశాడు. “చెప్పినవు, మంచిగైంది. చెప్పకుంటె నా దీక్ష ఏం గావాలె?” అన్నాడు.

అంతలో వెనకనుంచి ఒక బస్సు డ్రైవరు, “నాకు మాల లేదన్నా. గా స్వామిది నాకియ్యి,” అన్నాడు. ముందు పెద్దాయనే నవ్వాడు, తర్వాత అందరూ నవ్వారు. సారా అన్న మాట బస్టాండు అవతలిదాకా ఎట్లా పాకిందో గాని, పావుగంటలో బండి చుట్టూ నిలబడే చోటు లేకుండాపోయింది.

“మరి మాకేం వెడుతవు? మేం వాసన వీల్చుకుంట పోవాల్నా?” అన్నాడు పెద్దాయన.

అప్పుడు అక్క చేతులు కడుక్కుని, ఇంటినుంచి కొత్త కడాయి, వేరే స్టవ్వు తెప్పించి, బియ్యప్పిండి కలిపిన పిండితో స్వాములకు వేరుగా వేయించడం మొదలుపెట్టింది. ఆమె కడాయిలో చీజు అక్కడక్కడా కారేది. అలా కారి అంచున ఎర్రగా మాడిన పొరకోసం మాలలు తీసేశాక కూడా జనం ‘స్వాముల కడాయి’ దగ్గర నిలబడేవారు. బావ గిరాకీ ఎక్కువా అక్క గిరాకీ ఎక్కువా అని రాత్రి భోజనాల దగ్గర పెద్ద యుద్ధం. విమానం ఎక్కాల్సిన రోజున బావ చీజు తురుముతూ కూర్చున్నాడు. ఎప్పటినుంచో గుర్తులేదు గాని, పిల్ల ఆయనను బాపు అనడం మొదలుపెట్టింది. ‘దుబాయి’ పేరు బండికి మిగిలింది.

గల్ఫునుంచి ఎవరొచ్చినా బావకు ఒక డబ్బా తెచ్చేవారు, ఆ డబ్బాల మీదే బండి నడిచింది. ఇప్పుడు చీజు ప్రతి కిరాణా దుకాణంలో దొరుకుతుంది. బయట ఉన్న తండ్రుల ముఖాలు పిల్లలు రోజూ ఫోన్లో చూస్తున్నారు, ఆ మేరకు కాలం మంచిదే అయింది. ఒకరి పెట్టె తెరుచుకుంటుంటే వాడకట్టంతా వచ్చి కూర్చోవడం మాత్రం పోయింది.

బావ మళ్ళీ విమానం ఎక్కలేదు. కానీ గడువు ముగిసినప్పుడల్లా ఎవరికీ చెప్పకుండా వెళ్ళి పాస్‌పోర్టు కొత్తది చేయించుకొస్తాడు, పోయిన వేసవిలో కూడా చేయించాడు. ఎందుకని అక్క ఇప్పటిదాకా అడగలేదు.