ప్రిన్సిపాల్ గారి మూడో రాజీనామా

కన్నకూతుర్ని బేరం కూడా ఆడకుండా పక్కింటాయనకు వదిలేసుకున్న ఘనత సింగపూర్‌లో మా టాంపినీస్ పేట మొత్తంలో నాదొక్కడిదే.

శనివారం తెలుగు క్లాసులో టీచర్లు, వచ్చే వారం పిల్లలు పాతకాలపు మనిషి ఒకరి గురించి మాట్లాడాలన్నారు. మా అమ్మాయి కిరాణా కొట్టు నడిపిన మా నాన్న గురించి చెబుతుందని ఆశపడ్డాను. దాని మనసేమో పక్కింటాయన తాతగారి తాత మీద పడింది. ఆయన పంతొమ్మిదో శతాబ్దంలో గోదావరి వైపు ఒక కాలేజీకి ప్రిన్సిపాల్. ఆ గొప్పలు నేను లిఫ్టులోనూ విన్నాను, మా సోఫాలోనూ విన్నాను.

"తాతయ్య షాప్‌లో స్టోరీ ఏముంది నాన్నా?" అంది.

"అయితే ఆ అంకుల్ దగ్గరే నేర్చుకో" అని చెప్పులేసుకున్నాను. ఇది మా కొట్ల బజారు విద్య. ధర కుదరకపోతే లేచి మెల్లగా నడవాలి, వెనక నుంచి పిలుపు రావాలి. లిఫ్టు వచ్చింది. పిలుపు రాలేదు. కింద తిండి కొట్లుండే హాకర్ సెంటర్లో కాఫీ చల్లారేదాకా కూర్చున్నాను.

ఆ వారమంతా పక్క ఫ్లాట్‌లోంచి అమ్మాయి నవ్వులు. కడుపు మండి, ఓ రోజు ఉప్పు అడిగే నెపంతో నేనూ వెళ్ళి కూర్చున్నాను. కథ చివరికొచ్చింది. లైబ్రరీ కోసం ప్రిన్సిపాల్ గారు రాజీనామా ఇస్తే కమిటీ బతిమాలి వెనక్కి పిలిచిందట. హాస్టల్ కోసం ఇస్తే మళ్ళీ పిలిచిందట. మన మేష్టర్లకూ దొరలతో సమానంగా జీతమివ్వమని మూడోసారి ఇస్తే, మాట్లాడకుండా తీసేసుకుందట.

"పదవిని గడ్డిపోచలా విసిరేశారు" అన్నాడు పక్కింటాయన.

"విసిరెయ్యలేదండీ, బేరమాడారు. పిలుస్తారని గేటు దాకా మెల్లగా నడిచుంటారు" అన్నాను, కాస్త పరువు తగ్గిద్దామనే.

ఆయన ముఖం మాడింది. అమ్మాయి నా వైపు తిరిగింది.

"నువ్వు ఆ రోజు లిఫ్ట్ దగ్గర వెయిట్ చేశావా నాన్నా?"

నేను ఉప్పు సంగతి ఎత్తాను.

శనివారం క్లాసులో అమ్మాయి కథంతా చెప్పి, జీతాల దగ్గర ఆగింది. "ఆయన గేటు దాకా స్లోగా నడిచారు. ఎవరూ పిలవలేదు." హాలంతా చప్పట్లు. అందరూ వెళ్ళి, వెనక వరసలో కూర్చున్న పక్కింటాయన చేతులు పట్టుకున్నారు.

లెక్క కట్టాను. పొగడ్తలన్నీ ఆయనకు. మా నాన్నకు ఏమీ లేదు. నాకు మిగిలింది ఆ గేటు మాట ఒక్కటే, అదీ నా పేరు మీద కాదు. తిరుగు ట్రైన్‌లో అమ్మాయి వచ్చి నా పక్కన కూర్చుంది. దాన్నైనా రాబడిలో వేసుకుందామనుకున్నాను గానీ, ఖాళీగా ఉన్న సీటు అదొక్కటే.