చీటీలో పడ్డ పక్షం

రాజకుమారి టీచర్ పద్ధతి ఒకటుంది. చీటీలో ఏ పక్షం పడితే పిల్లలు ఆ పక్షానే మాట్లాడాలి. జవాబిచ్చే ముందు ఎదుటివాళ్లన్నది తిరిగి చెప్పాలి. "ఔను, అదే అన్నాను" అని వాళ్లు ఒప్పుకున్నాకే తమ మాట. ఇది ఆవిడకెవరూ నేర్పలేదు. చిన్నప్పుడు ముగ్గురు అన్నల మధ్య తన మాటొక్కటీ పూర్తయ్యేది కాదట.

రాజాం దగ్గరి ఓ ఊరి బడిలో పదకొండేళ్లు ఐదు తరగతులకూ ఆవిడొక్కతే. మొన్న ఏప్రిల్లో, ఆ బడిని రోడ్డవతలి పెద్దబడిలో కలపాలన్నారు అధికారులు. తల్లిదండ్రుల కమిటీ వద్దంటే ఆగుతుంది. ఆగాలనే టీచర్ కోరిక. పిల్లల నోట వింటే మనసు కరుగుతుందని, కమిటీ కూర్చున్న రోజే వాళ్లచేత చర్చ పెట్టించింది. చీటీల సంగతి పెద్దవాళ్లకు ముందే చెప్పాలని తోచలేదు.

"వద్దు" చీటీ మోహనకృష్ణకు, "కలపాలి" చీటీ రేఖకు పడ్డాయి. బడి మొత్తానికి బాగా మాట్లాడే పిల్ల అదే. చీటీ మార్చేద్దామా అనుకుంది టీచర్. మార్చలేదు.

"సిన్నపిల్లలు రోడ్డు దాటలేరని మోహనకృష్ణ అన్నాడు. అంతే కదరా?" అంది రేఖ.

వాడు తలూపాడు.

"దాటించడానికి పెద్దోళ్లున్నారు. టీచరమ్మ ఒకటో క్లాసుకి సెప్తంటే మేం ఉత్తినే కూకుంటన్నాం. దానికేటి సెప్తావు?"

మోహనకృష్ణ వెళ్లి తన చోట కూర్చున్నాడు.

"గుంట బలే సెప్పిందిరా!" అన్నాడు కమిటీ పెద్ద ఎల్లాజీ. "పిల్లలకే అక్కర్నేదంట, ఇంక మనకేటి?"

"అది చీటీలో పడ్డ మాటండీ, దాని సొంత మాట కాదు" అంది టీచర్.

రేఖ నాన్నమ్మ బుల్లమ్మ ఊరుకోలేదు. "మనసులో నేంది నోట్లోకి ఎలాగొస్తాది టీచరమ్మా? మా పిల్ల అబద్ధాలాడదు."

కలపడానికి సంతకాలయ్యాయి. బుల్లమ్మ వేలిముద్రకు ఇంకుప్యాడు పట్టుకున్నది టీచరే. ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. ప్యాడు పట్టిన తన చెయ్యి వేరెవరిదో అనిపించిందట.

అందరూ వెళ్లాక రేఖ వచ్చి నిలబడింది. "టీచరమ్మా, నేను ఓడిపోవాల్సిందేటి?"

"ఓడిపోవాల్సిందా అని అడిగావు. అంతేనా?"

"ఔను, అదే అన్నాను."

"లేదమ్మా" అంది టీచర్. చీటీలు ఏరి డబ్బాలో వేసింది.

ఇప్పుడావిడ బొబ్బిలి వైపు బడిలో పనిచేస్తోంది. చీటీల డబ్బా అక్కడి బీరువాలో ఉంది. ఇంకా తీయలేదు.