దొర కుక్కకు పొద్దుపుచ్చిన ఏడాది

మాఘ బహుళంలో ఒకనాడు, మధ్యాహ్నం పన్నెండు గంటలకు మా పడవ రాజోలు రేవులో ఆగింది. హవల్దారు ఒకడు, సిపాయిలం ఎనిమిదిమందిమి, వంటవాడు ఒకడు. సామర్లకోట దండు నుంచి ధవళేశ్వరం దాకా నడిచాం. అక్కడి నుంచి పడవలో ఒకటిన్నర రోజు. రాజోలులో దిగి మళ్ళీ నడక. గట్టు వెంట నాలుగు కోసులు. ఒక్కొక్కడి మీద పొడుగు తుపాకి, ముప్పై తూటాలు, కంబళి, నీళ్ళబుర్ర, మూడు రోజుల బియ్యం. చెమటకి ఎర్రకోటు వీపుకి అతుక్కుపోయింది. పొద్దు గుంకే వేళకి ఉప్పు కొటారు చేరాం.

ఆ ఊరి పేరు రాయను. అక్కడివాళ్ళ బిడ్డలు ఇంకా ఉన్నారు.

దక్షిణాన సముద్రం. పడమట గోదావరి పాయ సముద్రంలో కలిసే మొగ. తూర్పున ఉప్పుమళ్ళు. వాటి అంచున కొటారు, అంటే తాటాకు కప్పిన ఉప్పుగుట్టలు, చుట్టూ మట్టిగోడ. ఇసుకదిబ్బ మీద దొర బంగళా. ఉత్తరాన చేపలు పట్టే పల్లెకారుల గుడిసెలు ఇరవై దాకా, వాటి వెనక కొబ్బరితోటలు. తాగే నీళ్ళు కోసెడు దూరం నుంచి కావిట్లో రావాలి. ఉప్పుగాలికి తుపాకి రెండు రోజుల్లో తుప్పు పట్టేది. రోజూ కొబ్బరినూనె గుడ్డతో తుడిచేవాళ్ళం.

మా పని కొటారు కాపలా. రెండు గంటలు నిలబడాలి, నాలుగు గంటలు ఖాళీ. మా ఊళ్ళో జనం నన్ను ఎక్కడ యుద్ధం చేశావని అడుగుతారు. కుంపిణీ కొలువులో పదిహేనేళ్ళు ఉన్నాను. గురిపలక మీద తప్ప దేనిమీదా కాల్చలేదు. అడిగినవాళ్ళ ముఖం చిన్నబోతుంది. అది నా తప్పు కాదు.

ఇరవై రోజులకి బంగళాలో ఉండే ఉప్పు దొరకి జ్వరం ముదిరింది. మమ్మల్ని వరసగా నిలబెట్టారు. దొర కుర్చీలో కంబళి కప్పుకుని కూర్చున్నాడు. ఆయన చెప్పింది మున్షీ మాకు తెలుగులో చెప్పాడు.

“దొరగారు చెన్నపట్నం వెళ్తన్నారండి. జ్వరం తగ్గేక వచ్చేస్తారు. కుక్కని మీకు ఒప్పజెప్పేరు. రెండు పూట్లా తిప్పాలి. కడుపునిండా పెట్టాలి. దానికి విసుగు పుట్టకూడదంటండి. బుర్రకి ఏదోటి పని చెప్తా ఉండాలంట.”

“కుక్క బుర్రకాండీ?” అన్నాడు హవల్దారు.

“ఆయ్. కుక్క బుర్రకేనండి.”

“మరి మా బుర్రలకో?”

మున్షీ ఆ మాట దొరకి చెప్పలేదు.

కుక్క పని నాకు పడింది. కారణం ఏమీ లేదు. వరసలో చివర నిలబడ్డాను, అంతే. ఆ రోజు నుంచి నా పేరు పోయింది. అందరూ నన్ను కుక్క సిపాయి అన్నారు.

దాని పేరు జాకు. తెల్లటి ఒళ్ళు, ఇటుకరంగు మచ్చలు, వేలాడే చెవులు. వేటకుక్క. ముక్కు ఎప్పుడూ నేలమీదే. దొర ఉన్నన్నాళ్ళూ పిట్టల వేటకి తిరిగింది. దొర వెళ్ళాక హవల్దారు దాన్ని గుంజకి కట్టించాడు.

నాలుగు రోజుల్లో అది చెడిపోయింది. తాడు ఎంతదాకా వస్తే అంతదాకా గుండ్రంగా తిరిగి ఇసుకలో గాడి చేసింది. మంచం కోడు కొరికింది. పీతని చూసి మొరిగింది, అలని చూసి మొరిగింది, ఏమీ లేకపోయినా మొరిగింది. తరవాత మొరగడం మానేసి ముందుకాలు నాకడం మొదలెట్టింది. బొచ్చు ఊడి ఎర్రటి పుండు పడేదాకా నాకింది. మళ్ళీ ఏడుపు అందుకుంది.

“ఎల్లుండికి దీని నోరు మూయించు,” అన్నాడు హవల్దారు. “లేపోతే నేను మూయిస్తాను. తూటా ఒకటి తడిసిపోయిందని రాయిస్తాను.”

ఉత్త బెదిరింపు కాదు. ఆయన అన్నది చేసే మనిషి.

ముందు తాడు విప్పాను. పొద్దున్నే మొగ వైపు తీసుకెళ్ళాను, సాయంత్రం తోటల్లోకి. రోజూ ఒకే దారిన తిప్పితే లాభం లేదని మూడో రోజుకి తెలిసింది. కొత్తదారిలో అది అడుగడుక్కీ ఆగి వాసన చూసేది. నేను తొందరపెడితే ఇంటికొచ్చి అల్లరి చేసేది. ఆగనిస్తే హాయిగా పడుకునేది. కాళ్ళకి నడక ఎంత అవసరమో, దాని ముక్కుకి చదువు అంత అవసరం.

తిండి గిన్నెలో పెట్టడం మానేశాను. ఎండుచేప ముక్కని కొబ్బరి డొక్క కింద దాచి “ఎతుకు” అన్నాను. మొదట ఒక డొక్క. తరవాత మూడు. తరవాత పది. దొరికితే దాని మీద కాలుపెట్టి కూర్చోవాలి, నేను తినమంటేనే తినాలి. “చాలు” అంటే ఎక్కడున్నది అక్కడే వదిలి నా కాళ్ళ దగ్గర పడుకోవాలి. దానికి విసుగు పుట్టకముందే ఆట నేనే ఆపేవాణ్ణి. ఇంకా కావాలని అది చూస్తుండగా ఆపాలి. అప్పుడే రేపటిమీద దానికి ఆశ. కుక్కని గుంజకి కట్టి, అరుస్తోందని కర్ర తీసే వాళ్ళు ఈ ముక్క తెలుసుకోవాలి.

పుండు మానింది. ఏడుపు ఆగింది. నాకూ పొద్దు పోయింది. అదీ రాయాలి. మిగతా ఏడుగురు గోడకి చేరగిలపడి తాటిచెట్లు లెక్కపెట్టేవాళ్ళు. నేను పొద్దున లేస్తూనే ఇవాళ ఎక్కడ దాచాలా అని ఆలోచించేవాణ్ణి.

డొక్కలూ చేపలూ పోలమ్మ ఇచ్చేది. పల్లెకారుల్లో మూడో గుడిసె వాళ్ళది. పెనిమిటి వేటకి పోతే ఆమె చేపలు ఎండబెట్టేది, ఉప్పు పట్టించేది, మిగతా పొద్దు పీచుతాడు పేనేది. వాకిట్లో నా ఎత్తున డొక్కల గుట్ట ఉండేది. మొదట్లో నన్ను బాబుగారనేది. నెల తిరక్కుండా అన్నయ్యగారయ్యాను.

“మా ఆయనకి అన్నం కంచంలో పెడితేనే తినడానికి బద్దకమండి,” అని నవ్వేది. “ఈ బాబుకి దాచి పెడితేనేగానీ సయించదు.”

ఒకనాడు ఆమే అంది. “ఇయ్యాల నన్ను దాచనివ్వండి అన్నయ్యగారూ. మీ చేతివాసన దానికి తెలిసిపోతంది. చేపని కాదండి, మిమ్మల్ని ఎతుకుతంది.”

నిజమే. ఆమె దాచినప్పుడు జాకు తికమకపడింది. వారం రోజులకి నేర్చుకుంది. ఆ గుట్టలో ఎంత లోతున పెట్టినా పట్టేది. పట్టాక ఆమె చప్పట్లు కొట్టేది. అలా దాని చదువులో సగం ఆమె చెప్పింది.

చైత్రంలో ఉప్పు అమీను తనిఖీకి వచ్చాడు. కొటారులో ఉప్పు సరిగానే ఉంది. అయితే ఉప్పుమళ్ళ అవతల చవుటినేల మీద ఎవరో ఉప్పుమట్టి గీరుకుపోతున్నారని ఆయన అనుమానం. అది నేరం. ఎండకి నేలమీద ఉప్పు దానంతటదే తెల్లగా పూస్తుంది. అయినా అది కుంపిణీదే.

భోజనాలయ్యాక హవల్దారు, “మా కుక్క తమాషా చూద్దురుగానీ రండి” అన్నాడు. నేను చూపించాను. కోటు గుండీలు పెట్టుకుని మరీ చూపించాను. అమీను నవ్వలేదు.

“ఉప్పుచేప ఎక్కడున్నా పట్టేస్తదా?” అన్నాడు.

“ఎక్కడున్నా పట్టేస్తదండి.”

ఆ మాట హవల్దారు అనలేదు. నేను అన్నాను.

వైశాఖంలో కొటారు మూశారు. కొత్త ధర తేలేదాకా అమ్మకం బందు అని కచేరీ ఉత్తరువు. తొమ్మిది రోజులు మూసి ఉంది. ఐదో రోజున పల్లెకారులకి మాగచేప విరగబడింది. పోలమ్మ కొటారు గోడదాకా వచ్చింది.

“తలుపు ఎప్పుడు తీస్తారండి అన్నయ్యగారూ?”

“నా చేతిలో లేదు పోలమ్మా.”

“చేప ఆగదు కదండీ.”

ఉప్పుగుట్టకీ ఆమెకీ మధ్య ఒక మట్టిగోడా నేనూ ఉన్నాం. రెండు రోజుల తరవాత ఆమె పెనిమిటి ఎదురుపడ్డాడు. మోకాళ్ళదాకా చవుటిమట్టి. ఎవరి దారిన వాళ్ళం పోయాం.

తొమ్మిదో రోజు ఉదయం ఏడు గంటలకు అమీను మళ్ళీ వచ్చాడు. గాలి లేదు. సముద్రం వెనక్కి తీసి ఉంది. కాపలా పాకలో హవల్దారు నా దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

“కుక్క సిపాయీ, ఇవాళ నీ శిష్యుడికి నిజం పని.”

“దానికి ఆటే తెలుసండి. పని తెలీదు.”

“ఏదోటి పట్టకపోతే సాయంత్రం తాటిమొద్దుకి కట్టేసి కాల్చేస్తాను. జబ్బుచేసి పోయిందని దొరకి రాయిస్తాను. నువ్వు కావాలని చెడగొట్టేవనుకో, నీ పింఛను కూడా ఆ మొద్దుకే కట్టేస్తాను.”

పింఛనుకి నాకు ఎనిమిది నెలలు తక్కువ. ఆయనకి ఆ సంగతి తెలుసు.

కొటారు మూసిన రోజుల్లో ఉప్పు పట్టించిన చేప దొరికితే అది దొంగ ఉప్పే, అందుకని పల్లెకారుల వాకిళ్ళు వరసగా వెతికించారు. మొదటి వాకిట్లో ఏమీ లేదు. రెండో వాకిట్లో ఉత్త చేపముల్లు దొరికింది. మూడోది పోలమ్మ వాకిలి. జాకుని చూసి ఆమె అలవాటు చొప్పున నవ్వింది. దాని వెనక నేను, నా వెనక అమీను కనపడ్డాక నవ్వు ఆగిపోయింది. జాకు ముందు ఆమె దగ్గరకే పోయి చెయ్యి నాకింది.

“చెప్పు,” అన్నాడు హవల్దారు.

“ఎతుకు,” అన్నాను.

గుట్ట చుట్టూ రెండుసార్లు తిరిగింది. మూడోసారి ఉత్తరం వైపు అడుగున ముక్కు ఆగింది. నాకు తెలిసిపోయింది. ఇంకా కూర్చోలేదు. చాలు అంటే వదిలేసి వచ్చి పడుకుంటుంది. వందసార్లు అలా వచ్చింది. రెండక్షరాల మాట. హవల్దారు కుక్కని చూడటంలేదు. నా పెదవులని చూస్తున్నాడు.

నేను పళ్ళు బిగించాను.

జాకు డొక్కల మీద కాలుపెట్టి కూర్చుంది. మెడ తిప్పి నావైపు చూసింది.

నాలుగు కుండలు బయటపడ్డాయి, లాగడంలో ఒకటి పగిలింది. చేప మీద ఉప్పు మట్టిరంగులో ఉంది. కొటారు ఉప్పు కాదని చూస్తేనే తెలుస్తుంది. అప్పుడే పెనిమిటి వల భుజాన వేసుకుని ఒడ్డునుంచి వస్తున్నాడు. పరుగెత్తలేదు. వల దించి, మడతపెట్టి, పెళ్ళాం చేతికిచ్చి, రెండు చేతులూ ముందుకి చాపాడు. కట్టడానికి మా దగ్గర తాడు లేదు. మాలో పొడుగాటి సిపాయి ఒకడు చూరులోంచి ఒక చుట్ట లాగాడు. ఆమె పేనిన తాడే.

అమీను కాగితం రాశాడు. సాక్షిగా నన్ను గీత గియ్యమన్నాడు. గీశాను. అందులో ఏముందో నాకు తెలియదు. యాభై దాటాక నేను పలక పట్టుకుంటే ఊళ్ళో నవ్వారు. నవ్వనీ. అప్పటికే ఆ కాగితం ఏ కచేరీలో చెదలు తిందో.

అతనికి మూడు నెలల ఖైదు. రాజమహేంద్రవరం జైల్లో రెండో నెలలో వాంతిభేది తగిలి పోయాడు. పడవవాడు వచ్చి చెప్పాడు. పోలమ్మ అప్పటికే గుడిసె విప్పుకుని ఎటో వెళ్ళిపోయింది.

పాత దొర తిరిగి రాలేదు. చెన్నపట్నంలోనే ఓడ ఎక్కేశాడు. కుక్క సంగతి ఏమీ రాయలేదు. శ్రావణంలో కొత్త దొర వచ్చాడు. ఆయనకి సొంత కుక్కలు రెండు.

“ఇది ఎవరిదని అడుగుతున్నారు,” అన్నాడు మున్షీ.

“ఎవరిదీ కాదండి,” అన్నాడు హవల్దారు.

నేను అడిగితే ఇచ్చేశారు. పుష్యంలో నా పదిహేనేళ్ళూ నిండాయి. పింఛను కాగితం రొంటిని దోపుకుని, జాకుని పడవలో పెట్టుకుని, కొత్తపేట దగ్గర మా ఊరు చేరాను. మా ఆవిడ హారతి ఇచ్చింది. జనం కుక్కని చూసి మెచ్చుకున్నారు. దొర బహుమానం ఇచ్చాడనుకున్నారు. నేను కాదనలేదు.

ఇంటి దగ్గర దానితో ఒక్కరోజు కూడా ఆ ఆట ఆడలేదు. కొత్తదారిన తిప్పలేదు. ఎక్కడ డొక్క కనపడినా అది ఆగి నా ముఖం చూసేది. నేను ముఖం తిప్పుకునేవాణ్ణి. ఆర్నెల్లకి మళ్ళీ ముందుకాలు నాకడం మొదలెట్టింది. మళ్ళీ పుండు పడింది. ఆ జబ్బుకి మందు ఈ జిల్లాలో నా ఒక్కడికే తెలుసు. తెలిసీ ఇవ్వలేదు. నాలుగేళ్ళు అరుగు కింద పడుకుని, గోడకేసి చూస్తూ, చచ్చిపోయింది. అది చేసిన తప్పేమీ లేదు. తప్పు చేసినవాడు అరుగు మీద కూర్చుని పింఛను తిన్నాడు.

ఆ రోజు జరిగినదాంట్లో ఒకటి పైన రాయలేదు. చెయ్యి రాలేదు.

పెనిమిటి చేతులు కట్టాక పోలమ్మ పగిలిన కుండ దగ్గరకి వెళ్ళింది. ఏడవలేదు, తిట్టలేదు. మంచి ముక్క ఒకటి ఏరి, మట్టి దులిపి, జాకు ముందు పెట్టింది.

“పని చేసింది కదండీ అన్నయ్యగారూ,” అంది. “దాని కూలి దానికివ్వాలి కదండీ.”

జాకు ముట్టలేదు. నా నోటిమాట లేనిదే అది ముక్క ముట్టదు. చొంగ కారుతోంది, తోక ఇసుకని కొడుతోంది, కళ్ళు నామీద ఉన్నాయి. పోలమ్మ కళ్ళూ నామీదే. కట్టిన చేతులతో అతనూ నావైపే చూస్తున్నాడు. అంతకుముందు బిగుసుకుపోయిన నోరు అప్పుడు తెరుచుకుంది.

“తిను,” అన్నాను.

తింది.