అడుగు కలిసిన రోజు

పోయిన నెల సూరత్‌లోని మా లింబాయత్‌లో మా వియ్యంకుడు చనిపోయినప్పుడు, వయసు మీరిందని అందరూ వద్దంటున్నా వినకుండా నేనూ పాడెకు భుజం పెట్టాను. గల్లీలోకి శవవాహిని రాదు కాబట్టి పెద్ద రోడ్డు దాకా మోసుకెళ్లాలి. నాలుగడుగులు వేశామో లేదో, వెనక నుంచి మా అబ్బాయి విసుక్కున్నాడు. "ఏంది బాపూ, ఫౌజుల చేసినోనివి, అందరితోని అడుగు కలుపరాదా?" నేను నా అడుగే వేసుకుంటూ పోయాను. యాభై ఏళ్లు దాటింది, భుజం మీద మనిషి బరువు పడితే నా అడుగు ఎవరితోనూ కలవదు, నేను కలవనివ్వను.

కిటికీలకు నల్లకాగితం అంటించుకుని రేడియోలో యుద్ధవార్తలు విన్న మన తరం వాళ్లకైనా, నాలాంటి పటాలం బ్యాండువాళ్లు యుద్ధంలో ఏం చేస్తారో తెలిసి ఉండదు. మా అత్తగారి వాళ్లయితే నేను శత్రువుల ముందు నిలబడి వాయించాననే అనుకునేవారు, నేనూ కాదనలేదు. నిజానికి యుద్ధం మొదలైన నాడే నా క్లారినెట్‌తో సహా వాయిద్యాలన్నీ పెట్టెల్లో పెట్టి తాళం వేసి, మా చేతికి స్ట్రెచర్లు ఇచ్చారు. దెబ్బతిన్నవాళ్లను మోయడమే అప్పుడు మా పని. అది నేర్పిన ఉస్తాదు మాటిమాటికీ చెప్పింది ఒక్కటే, ముందున్నవాడు ఎడమ కాలు వేస్తే వెనకున్నవాడు కుడి కాలు వేయాలని, ఇద్దరి అడుగూ కలిస్తే స్ట్రెచర్ ఊగి గాయం కదులుతుందని. అన్నేళ్లూ కవాతులో అడుగు తప్పినందుకే తిట్లు తిన్నవాళ్లం కదా, మాలో మేము నవ్వుకున్నాం.

మూడో రోజు పొద్దున, కడుపులో ఫిరంగి గుండు ముక్క దిగిన ఒక జవానును డాక్టరు గుడారానికి మోసుకెళ్తున్నాం. ముందు మా పెద్ద డ్రమ్ము వాయించేవాడు, వెనక నేను. జవాను మన కరీంనగర్ వైపువాడే, ఎత్తబోతుంటే నా యాస విని చెయ్యి పట్టుకుని ఒక పట్టాన వదల్లేదు. దారిలో దగ్గరగా ఫిరంగులు పేలడం మొదలయ్యేసరికి భయంతో ఉస్తాదు మాట మరిచిపోయాం, మా కాళ్లు వాటికి అలవాటైన పని అవి చేసుకుపోయాయి. "అన్నా, జర ఊపకుండ్రే, పానం పోతున్నది" అని అరిచాడు జవాను. దాంతో ఇంకా జాగ్రత్తగా, ఇంకా ఒద్దికగా, కవాతు మైదానంలో నడిచినట్టే నడిచాం. కాసేపటికి అతను అరవడం మానేశాడు. నొప్పి తగ్గిందనుకుని సంతోషించాను, ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

గుడారం చేరేసరికి అతను లేడు. గాయం పెద్దది, ఎలాగూ బతికేవాడు కాదన్నాడు డాక్టరు. కానీ స్ట్రెచర్ దించబోతూ చూశాను, మా ఇద్దరి ఎడమ కాళ్లూ ముందుకే ఉన్నాయి. డ్రమ్మువాడూ చూశాడు. ఆ సంగతి మేమిద్దరం ఎన్నడూ మాట్లాడుకోలేదు.

యుద్ధం ముగిశాక పెట్టెలు తెరిచారు. విజయోత్సవ కవాతులో నేనూ వాయించాను, ఒక్క అడుగు తప్పలేదు. ఆ తర్వాత నౌకరీ అయిపోగానే సూరత్ వచ్చి, మగ్గాల మోతలో పడి సగం చెవుడు తెచ్చుకున్నాను.

మేం వచ్చిన కొత్తలో శ్మశానం దాకా భుజాలు మార్చుకుంటూ నడిచే వెళ్లేవాళ్లం. ఇప్పుడు గల్లీ మలుపు దాకా మోస్తే చాలు, మిగతాదంతా బండి చూసుకుంటుంది. మోయడం ఎలాగో తెలిసినవాళ్లు మా గల్లీలో ఇక ఎవరున్నారు?

ఆ రోజు ఇంటికొచ్చి స్నానాలయ్యాక మా అబ్బాయికి మొదటిసారి ఇదంతా చెప్పాను. నన్ను మోసే నాడు మలుపు దాకా అయినా అడుగులు కలపొద్దని అడిగాను.

"అప్పటికి నీకేం తెలుస్తది బాపూ" అన్నాడు వాడు, కళ్లు తుడుచుకుంటూ.

నిజమే, నాకు తెలియదు. ఆ జవానుకు తెలిసింది.